పాఠ్యప్రణాళిక ముసాయిదా చేతికొచ్చినప్పుడు కాంప్లెక్స్ స్థాయిలో సమీక్ష చేసే విధానం

రాష్ట్ర స్థాయిలో విద్యాప్రమాణాలను, పాఠ్యప్రణాళికను సవరించే పని మొదలైనప్పుడు ప్రకాశం, నెల్లూరు జిల్లాల ఉపాధ్యాయులకూ ఏదో ఒక దశలో ముసాయిదా అందుతుంది. ఒక్కోసారి అది వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వస్తుంది, ఒక్కోసారి చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో చదివి వినిపిస్తారు, అభిప్రాయాలు పంపడానికి నాలుగైదు రోజులకు మించి గడువు ఉండదు. ఆ గడువులో మనం పంపేది చాలాసార్లు “సిలబస్ భారంగా ఉంది, తగ్గించాలి” అనే ఒక్క వాక్యమే. ఆ మాట నిజమే కావచ్చు, కానీ దాన్ని పట్టుకొని పుస్తకం రాసేవారు ఏ పేజీని తీయాలో, ఏ పేజీని ఉంచాలో తేల్చుకోలేరు. ముప్పై ఏళ్లకు పైగా ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో గణితం చెప్పి, రెండు విడతలు సమీక్షా కార్యశాలల్లో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను: అక్కడ చర్చకు నిలబడిన సూచనలన్నీ ఒకే తీరుగా ఉండేవి. ఏ ప్రమాణం గురించి మాట్లాడుతున్నాం, అది ఏ పేజీలో ఉంది, పిల్లల నోటు పుస్తకంలో ఏం కనిపించింది, దాని బదులు ఏం రాయాలి అన్న నాలుగు సంగతులూ వాటిలో ఉండేవి. ఈ నాలుగూ ఉన్న సూచనను రాసే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా దేన్ని సమీక్షిస్తున్నామో తేల్చుకోవాలి

ప్రమాణం, సిలబస్, పాఠ్యపుస్తకం, పరీక్ష అనే నాలుగూ వేర్వేరు వస్తువులు. మన సంభాషణల్లో అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కాబట్టి సూచనలు కూడా కలగాపులగం అవుతాయి. 2023 ఆగస్టులో వెలువడిన పాఠశాల విద్యా జాతీయ చట్రం పాఠ్య లక్ష్యాలు, వాటి కింద సామర్థ్యాలు, వాటి కింద అభ్యసన ఫలితాలు (పాఠం అయ్యాక పిల్లలు ఏం చేయగలగాలో చెప్పే వాక్యాలు) అనే వరుసను పాటించింది. మన రాష్ట్రంలో 2011 పాఠ్యప్రణాళికా చట్రం తర్వాత వచ్చిన పుస్తకాల్లో ఇదే పనిని “విద్యాప్రమాణాలు” చేశాయి. గణితంలో సమస్యా సాధన, కారణాలు చెప్పడం–నిరూపణ, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం అనే ఐదూ ఉపాధ్యాయులందరికీ కంఠతా వచ్చినవే. కాబట్టి చేతికొచ్చిన ముసాయిదా మొదటి పేజీ మీదే అది ఈ మెట్లలో దేనికి సంబంధించిందో పెన్సిలుతో రాసుకోండి. అభ్యసన ఫలితాల ముసాయిదా పంపినప్పుడు పాఠంలోని బొమ్మ బాగాలేదని రాయడం వల్ల గడువు వృథా అవుతుంది.

విద్య 1976లో 42వ రాజ్యాంగ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. అందువల్ల జాతీయ చట్రం దారి చూపుతుంది, రాష్ట్రం తన బడులకు తగిన ప్రణాళికను రూపొందించుకుంటుంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ ప్రకారం ప్రాథమిక, ప్రాథమికోన్నత తరగతుల పాఠ్యప్రణాళికనూ మూల్యాంకన విధానాన్నీ ప్రభుత్వం నిర్దేశించిన విద్యా ప్రాధికార సంస్థే నిర్ణయించాలి. మన వరకు ఆ సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ, అంటే రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి. అదే సెక్షన్ ఆ సంస్థ పట్టించుకోవలసిన అంశాలను కూడా చెబుతుంది. రాజ్యాంగ విలువలు, పిల్లల సర్వతోముఖాభివృద్ధి, భయాందోళనలు లేని చదువు, సాధ్యమైనంత మేరకు మాతృభాషలో బోధన, సమగ్ర నిరంతర మూల్యాంకనం వాటిలో ఉన్నాయి. మీ సూచన వీటిలో ఒకదానికి సంబంధించినదైతే ఆ మాట సూచనలోనే రాయండి. అప్పుడది ఒక ఉపాధ్యాయుని ఇష్టాయిష్టంగా కాక, చట్టం అడిగిన అంశంగా చదువుతారు.

నోటు పుస్తకాలే సాక్ష్యం

సమావేశానికి వెళ్లే ముందురోజు ఒక తరగతి నోటు పుస్తకాలను, పాత ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకన) జవాబు పత్రాలను ముందేసుకొని గంటసేపు కూర్చోండి. మార్కులు చూడవద్దు, తప్పులు చూడండి. నాలుగో తరగతిలో 402 నుంచి 178 తీసివేయమంటే 376 అని రాసిన పుస్తకాలు నాకు ఏటా కనిపించేవి. మొదటిసారి చూస్తే అజాగ్రత్త అనిపిస్తుంది. కాస్త నిలిచి చూస్తే ఆ పిల్లవాడు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీశాడని తెలుస్తుంది: ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు, ఏడులోంచి సున్న పోతే ఏడు, నాలుగులోంచి ఒకటి పోతే మూడు. తీసివేత అనే పని అతనికి వచ్చు. రానిది వేరే ఉంది. పదుల స్థానంలో సున్న ఉన్నప్పుడు వందను విప్పి పదులుగా, పదిని విప్పి ఒకట్లుగా మార్చుకోవచ్చన్న సంగతి అతనికి ఎవరూ చేతికి అందేలా చూపలేదు. పుల్లల కట్టలు ఇచ్చి నాలుగు వందల రెండును పేర్చమంటే నాలుగు పెద్ద కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టి, మధ్యలో ఖాళీని చూస్తూ ఆగిపోయేవాడు. అసలు పాఠం మొదలు కావలసింది అక్కడే.

ఈ గమనింపును సూచనగా మార్చేటప్పుడు “తీసివేతలు కష్టంగా ఉన్నాయి” అని రాయకూడదు. ఇలా రాయవచ్చు: “మూడో తరగతి, స్థాన విలువకు సంబంధించిన ఫలితం. పదుల స్థానంలో సున్న ఉన్న మూడంకెల సంఖ్యలను వస్తువులతో పేర్చి, విప్పి చూపడం ఈ ఫలితంలో లేదు. నాలుగో తరగతి పుస్తకాల్లో 402 – 178 = 376 వంటి తప్పు పదేపదే కనిపిస్తున్నది. జత చేసిన నకళ్లు చూడగలరు. ఫలితాన్ని ఇలా మార్చవచ్చు: సున్న ఉన్న మూడంకెల సంఖ్యను వందలు, పదులు, ఒకట్లుగా కనీసం రెండు రకాలుగా విడదీసి చూపుతారు. దీనికి రెండు పీరియడ్లు అదనంగా కావాలి. నాలుగంకెల తీసివేతల రెండో అభ్యాసాన్ని తగ్గించి ఆ సమయం తీసుకోవచ్చు.” ఇందులో చివరి వాక్యాన్ని ఎప్పుడూ వదలవద్దు. ఏదైనా చేర్చమని అడిగినప్పుడు ఏది తీయాలో కూడా మనమే చెప్పాలి. ప్రతి సబ్జెక్టు వారూ చేర్పులే పంపి, తీసివేతలు ఎవరూ సూచించకపోవడం వల్లనే పుస్తకం ఏటికేడు లావవుతుంది.

జవాబు పత్రాల నకళ్లు జత చేసేటప్పుడు పిల్లల పేర్లు, రోల్ నంబర్లు కనపడకుండా కాగితం అంటించి జిరాక్స్ తీయించండి. ఈ జాగ్రత్త తప్పనిసరి.

క్రియాపదం దగ్గర ఆగండి

ప్రమాణాల ముసాయిదాలో ఎక్కువ లోపం వాక్యం చివరి క్రియలో ఉంటుంది. “తెలుసుకుంటారు”, “అవగాహన పొందుతారు”, “ప్రాముఖ్యతను గ్రహిస్తారు” వంటి మాటలున్న చోటల్లా గీత గీయండి. పిల్లవాడు గ్రహించాడో లేదో ఎలా తెలుస్తుందని అడిగి, జవాబు దొరకకపోతే “పోలుస్తారు”, “కారణం చెబుతారు”, “పట్టికలో నమోదు చేస్తారు”, “తన మాటల్లో రాస్తారు” వంటి క్రియను సూచించండి. ఇది భాషా సవరణలా కనిపించినా, పరీక్షలో ఎటువంటి ప్రశ్న రావాలో నిర్ణయించేది ఈ క్రియే.

నీటిని గురించిన పాఠం దీనికి మంచి ఉదాహరణ. “సురక్షితమైన నీటి ప్రాముఖ్యతను తెలుసుకుంటారు” అనే ఫలితానికి రాసే పాఠం సాధారణంగా నీటిని కాచి, చల్లార్చి, వడగట్టి తాగాలనే దగ్గర ముగుస్తుంది. సూక్ష్మజీవుల విషయంలో అది సరైన సలహా. కనిగిరి ప్రాంతంలో భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఎంత కాచినా ఫ్లోరైడ్ పోదు, పైగా నీరు ఇగిరే కొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే వనరు లేనప్పుడు గరిష్ఠంగా 1.5 మిల్లీగ్రాములు అని మన జాతీయ ప్రమాణం చెబుతుంది. పళ్ల మీద గోధుమరంగు మరకలున్న పిల్ల, మోకాళ్లు వంగిన నాయనమ్మ చెయ్యి పట్టుకొని బడికి వచ్చే ఊళ్లో, నీళ్లు కాచి తాగమని మాత్రమే చెప్పే పాఠం ఆ పిల్లకు తప్పుడు భరోసా ఇస్తుంది. అందుకే ఆ ఫలితాన్ని “తమ ఊరి తాగునీటి వనరును గుర్తిస్తారు, ఆ నీటిలో ఉన్న సమస్య సూక్ష్మజీవులదా, కరిగిన లవణాలదా అని వేరుచేసి చెబుతారు, ఏ శుద్ధి పద్ధతి దేనికి పనిచేస్తుందో కారణంతో వివరిస్తారు” అని మార్చమని రాయవచ్చు. ఫ్లోరైడ్ అన్న పేరు రాష్ట్రమంతటి పుస్తకంలో ఉండి తీరాలని పట్టుబట్టనవసరం లేదు. ఏ ఊరి నీటినైనా ఆ ప్రశ్న అడగగలిగేలా ఫలితం ఉంటే చాలు.

స్థానికతను అడిగే పద్ధతి కూడా ఇదే. మా జిల్లా విశేషం చేర్చండి అని ప్రతి జిల్లా వారూ అడిగితే పుస్తకం విశేషాల జాబితా అవుతుంది. మార్కాపురం పలకల గనులు, చీమకుర్తి గ్రానైటు, ఒంగోలు గిత్త, నెల్లూరు మొలగొలుకుల బియ్యం పాఠంలోకి రావాలంటే అవి ఏ ఫలితానికి ఉపకరిస్తాయో చెప్పాలి. పొరలు పొరలుగా విడిపోయే పలకరాయిని, అలా విడిపోని గ్రానైటును పక్కపక్కన పెట్టి చూపితే శిలలు ఏర్పడిన తీరు పిల్లలకు చేతి స్పర్శతోనే తెలుస్తుంది, కాబట్టి ఆ ఉదాహరణను అడగడానికి బలమైన కారణం ఉంది. చదివే పాఠానికి బతికే బతుకు తోడైతే ఏమవుతుందో నెల్లూరు జిల్లా ఒకసారి చూసింది. అది బడి పుస్తకం కాదు, వయోజనుల అక్షరాస్యతా వాచకం. అందులోని సారా గురించిన పాఠం చదువుకున్న దూబగుంట మహిళలు 1992లో తమ ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటికీ పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికి దారితీసింది.

భాష విషయంలో ఒక మాట. మనవైపు గెనుసుగడ్డ అంటే తెలిసిన పిల్లవాడికి చిలగడదుంప తెలియకపోవచ్చు. రెండు మాటలూ ఇవ్వమని అడగండి. ఎర్రగొండపాలెం వైపు తండాల నుంచి వచ్చే సుగాలి పిల్లలకు ఇంటి భాష వేరు కాబట్టి, ఒకటి, రెండు తరగతుల భాషా ఫలితాల్లో మౌఖిక పనికి ఎన్ని వారాలు ఉంచారో ప్రత్యేకంగా చూడండి.

పీరియడ్ల లెక్క

విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పని దినాలు, 800 బోధనా గంటలు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వరకు 220 దినాలు, 1000 గంటలు ఉండాలి. ముసాయిదా రాసేవారు ఈ అంకెలతోనే మొదలుపెడతారు. మన దగ్గర ఉన్నది టీచర్ డైరీ. గత ఏడాది డైరీ తీసి, పరీక్షల రోజులు, వానలకూ తుపాన్లకూ పోయిన రోజులు, శిక్షణలకూ సర్వేలకూ పోయిన రోజులు తీసేసి, మీ సబ్జెక్టుకు నిజంగా దక్కిన పీరియడ్లు లెక్కపెట్టండి. తర్వాత ముసాయిదాలోని ఒక్కో యూనిట్‌కు బోధన, అభ్యాసం, వెనుకబడినవారికి మళ్లీ చెప్పడం అనే మూడు గడుల్లో కావలసిన పీరియడ్లు వేయండి. మూడో గడిని ఖాళీగా వదలకండి. పనుల కోసం కుటుంబాలు వలస వెళ్లే పడమటి మండలాల్లో, కొన్ని వారాల తర్వాత తిరిగొచ్చిన పిల్లలకు ఆ గడే ఆధారం. రెండు మొత్తాలనూ పక్కపక్కన రాసి పంపితే సిలబస్ భారమన్న మాట వేరే రాయనక్కర్లేదు.

తరగతుల మధ్య పొంతన చూడటానికి వరుసగా మూడు తరగతుల ముసాయిదాలను బల్ల మీద పరిచి, ఒకే అంశాన్ని చివరిదాకా వేలితో అనుసరించండి. భిన్నాలు, పటాలు చదవడం, పేరా రాయడం ఇలా చూడదగినవి. ఒకే తరగతిలో సబ్జెక్టుల మధ్య పొంతన కూడా చూడాలి. గ్రాఫు గీయడం గణితంలో రాకముందే భౌతికశాస్త్రం దూరం–కాలం గ్రాఫు అడుగుతుంటే ఇద్దరు ఉపాధ్యాయులూ కలిసి ఒకే సూచన మీద సంతకం చేయాలి. జిల్లాల పటాలు, సంఖ్యలు వంటి మారే వాస్తవాలున్న పేజీలను విడిగా రాయండి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26గా మారినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు వెళ్లింది, పాత పటం ఉన్న పుస్తకాన్ని మాత్రం పిల్లలు చేతిలో పట్టుకొనే ఉన్నారు. అటువంటి పటం కింద అది ఏ తేదీ నాటిదో ముద్రించమని అడగండి.

పంపడం, పంపిన తర్వాత

కాంప్లెక్స్ సమావేశంలో సబ్జెక్టువారీగా నలుగురైదుగురు కూర్చొని, ఒక్కో సూచనను బిగ్గరగా చదివి, పైన చెప్పిన నాలుగు సంగతులూ ఉన్నవాటినే తుది జాబితాలోకి తీసుకోండి. నలభై సూచనల కన్నా ఎనిమిది గట్టివి మేలు. ఎస్‌జీటీలు (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులు) చెప్పిన విషయాన్ని హైస్కూల్ వాళ్లు కొట్టిపారేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఒకటి, రెండు తరగతుల ఫలితాల మీద చివరి మాట ఆ తరగతులు చెప్పేవారిదే కావాలి. తల్లిదండ్రుల కమిటీ సభ్యులు ఇద్దరిని పిలిచి, ఒక పేజీ చదివి వినిపించి, ఇంట్లో పిల్లవాడు ఏం అడుగుతున్నాడో వినండి. మేం అలా పిలిచినప్పుడు ఒక తల్లి, ఇంటిపనిగా ఇచ్చే ప్రాజెక్టులకు కావలసిన రంగు కాగితాల ఖర్చు గురించి చెప్పింది. అప్పటిదాకా మాలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

తుది ప్రతిని ఎంఈఓ (మండల విద్యాశాఖాధికారి) ద్వారా పంపుతూనే, ప్రకాశం వారు మైనంపాడు డైట్‌కు (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థకు), నెల్లూరు వారు పల్లిపాడు డైట్‌కు ఒక నకలు ఇవ్వండి. ఆన్‌లైన్ ఫారం ఉంటే పెట్టెలో పట్టినంత రాసి, పూర్తి పాఠాన్ని పీడీఎఫ్‌గా జత చేయండి. పంపిన తేదీని, సూచనల వరుస సంఖ్యలను కాంప్లెక్స్ రిజిస్టరులో నమోదు చేయండి. జూన్‌లో కొత్త పుస్తకాలు వచ్చిన వారంలోనే ఆ రిజిస్టరు తెరిచి, ఒక్కో సూచన ఎదురుగా “తీసుకున్నారు”, “మార్చి తీసుకున్నారు”, “తీసుకోలేదు” అని రాయండి. తీసుకోని వాటికి ఆ ఏడాది నోటు పుస్తకాల నుంచి కొత్త నకళ్లు సేకరించి అదే పేజీకి పిన్ను చేసి ఉంచండి.