సంక్రాంతి సెలవుల్లో ఎదిగిన పిల్లలతో ఢిల్లీ: బయలుదేరే ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

డిసెంబర్ మూడో వారం నుంచి జనవరి నెలాఖరు దాకా ఢిల్లీలో పగలంటే ఉదయం పదకొండు నుంచి సాయంత్రం ఐదు వరకేనని లెక్కవేసుకోండి. ఏడుంబావుకు సూర్యోదయమైనా, పొగమంచు విడిపోయి ఎండ మొహం కనిపించేసరికి పదో, పదకొండో అవుతుంది. కొన్ని రోజులు అసలే కనిపించదు. ఆరు దాటితే చీకటి, దానితో పాటే చలి. మూడు రోజుల కోసం వెళ్తే మీ చేతికి వచ్చేది ఈ ఆరేసి గంటల పూటలు మూడే. ఎర్రకోట, కుతుబ్ మినార్, అక్షర్‌ధామ్, ఆగ్రా, సరోజినీ నగర్ అన్నీ ఆ మూడు పూటల్లో కుక్కేస్తే, రెండో రోజుకే పిల్లలు అలుగుతారు, పెద్దలు అరుస్తారు. రోజుకు రెండు చోట్లు చాలు. నా ఈ సలహా చాలామందికి పిసినారితనంగా అనిపిస్తుంది కానీ, పొగమంచు కాలంలో ఇంతకుమించి ఆశపడిన ప్రణాళిక నిలబడదు.

ఇందులో ఒక మేలు కూడా ఉంది. పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లలు సెలవుల్లో తొమ్మిదింటి దాకా లేవరు. ఈ ఊరిలో, ఈ కాలంలో వాళ్లను ఆరింటికి లేపాల్సిన అవసరమే లేదు. గాలి అత్యంత చెడుగా ఉండేదీ, చలి కొరికేదీ ఆ వేళలోనే. పడుకోనివ్వండి. తీరిగ్గా పలహారం చేసి పదిన్నరకు బయటపడితే చాలు.

తేదీలు, వారాలు

టికెట్లు కొనేముందు క్యాలెండర్ చూడండి. ఎర్రకోట, జాతీయ మ్యూజియం, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్, రైల్ మ్యూజియం, తీన్‌మూర్తిలోని ప్రధానమంత్రి సంగ్రహాలయం సోమవారం మూసి ఉంటాయి. సరోజినీ నగర్ బజారుకూ సోమవారమే సెలవు. తాజ్ మహల్ శుక్రవారం మూస్తారు. కాబట్టి సోమవారం మీ మూడు రోజుల్లో ఉంటే ఆ రోజును హుమాయూన్ సమాధికీ, కుతుబ్‌కూ కేటాయించండి. అవి వారమంతా తెరిచే ఉంటాయి. హుమాయూన్ సమాధి దగ్గర 2024లో భూగర్భంలో కట్టిన కొత్త మ్యూజియం తెరిచారు. బయట చలిగా ఉన్న పూట పిల్లలను తీసుకెళ్లడానికి చాలా అనువైన చోటు. పక్కనే సుందర్ నర్సరీ అనే పెద్ద ఉద్యానవనం ఉంది.

జంతర్ మంతర్ మాత్రం ఎండ ఉన్న రోజే చూడాలి. అక్కడి సామ్రాట్ యంత్రం నీడతో సమయం చెబుతుంది. మబ్బు రోజున వెళ్తే అది పిల్లలకు ఎర్రరంగు మెట్ల గోడలా కనిపిస్తుందే తప్ప దాని గొప్పతనం తెలియదు.

సంక్రాంతి తర్వాత వెళ్లేవారికి ఇంకో చిక్కు ఉంది. గణతంత్ర దినోత్సవ కవాతు సాధనలు జనవరి మధ్య నుంచే కర్తవ్య పథ్ మీద సాగుతాయి. 23న పూర్తి స్థాయి రిహార్సల్ ఉంటుంది. ఆ వారంలో రోడ్లు మళ్లిస్తారు, తనిఖీలు పెరుగుతాయి, ఎర్రకోటలోకి సందర్శకులను కొన్ని రోజులు అనుమతించకపోవచ్చు. 26కు ముందు వారంలో ఉదయం పూట రెండు గంటలకు పైగా విమానాల రాకపోకలు కూడా ఆపుతుంటారు. కవాతు చూడటానికే వెళ్లేవారి సంగతి వేరు. ఊరు చూద్దామనుకునేవారు 15వ తేదీ లోపే తిరిగి వచ్చేయడం మంచిది.

పొగమంచులో ప్రయాణం

ఉత్తర మైదానాల్లో పశ్చిమం నుంచి వచ్చే మబ్బులు ఒక జల్లు కురిపించి వెళ్లిపోతాయి. ఆకాశం తేటపడి, గాలి ఆగి, తడి నేల రాత్రికి చల్లబడితే తెల్లారేసరికి పొగమంచు పరుచుకుంటుంది. కాబట్టి ఢిల్లీలో వాన పడిందన్న వార్త చూస్తే తర్వాతి రెండు మూడు ఉదయాల విషయంలో జాగ్రత్తగా ఉండండి. దృశ్యమానత 200 మీటర్లలోపు పడిపోతే దట్టమైన పొగమంచు అని, 50 మీటర్లలోపైతే అతి దట్టమైనదని వాతావరణ శాఖ ప్రకటిస్తుంది. ఆ రెండో మాట వినిపించిన రోజు మీ ప్రణాళికలో ఉదయం లేదనుకోండి.

ఢిల్లీ విమానాశ్రయంలో 50 మీటర్ల దృశ్యమానతలోనూ విమానం దిగే ఏర్పాటు ఉంది. అయితే విమానంలో తగిన పరికరాలు, పైలట్లకు తగిన శిక్షణ ఉంటేనే అది పనికొస్తుంది. ఉన్నా విమానాల మధ్య ఎడం పెంచాల్సి రావడంతో అన్నీ ఆలస్యమవుతాయి. అందుకే వెళ్లేటప్పుడు మధ్యాహ్నం పన్నెండు తర్వాత దిగే విమానాన్ని, వచ్చేటప్పుడు మధ్యాహ్నం బయలుదేరేదాన్ని ఎంచుకోండి. తెల్లవారుజాము టికెట్ చవకగా ఉందని తీసుకుంటే, మిగిలిన డబ్బు విమానాశ్రయంలో పిల్లల తిండికే అయిపోతుంది. మధ్యాహ్నం విమానం కూడా పూర్తి భరోసా కాదు. ఉదయం ఢిల్లీ నుంచి రావాల్సిన విమానమే మీకు హైదరాబాద్‌లో కేటాయించి ఉండవచ్చు. బయలుదేరే ముందు అది ఎక్కడుందో ఫోనులో చూసుకోండి.

వాతావరణం వల్ల విమానం రద్దయితే నష్టపరిహారం రాదు. కానీ వేరే విమానంలో సీటో, పూర్తి డబ్బు వాపసో కోరే హక్కు మీకుంది. ఆరు గంటలకు మించి ఆలస్యమైనా అంతే. ఎక్కువసేపు కూర్చోబెడితే తినుబండారాలు ఇవ్వాలి. అడగడానికి మొహమాటపడకండి.

రైలుకు 60 రోజుల ముందు రిజర్వేషన్ తెరుస్తారు. సంక్రాంతి తేదీలకు ఆ ఉదయమే కూర్చుని చేసుకోవాలి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ మామూలు రోజుల్లోనే ఒక రోజుకు మించి ప్రయాణం. ఈ నెలల్లో ఉత్తరాన ఇంకొన్ని గంటలు కలుపుకోవాలి. మీరు ఎక్కే స్టేషన్‌లో రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై, మీరు ప్రయాణం మానుకుంటే పూర్తి డబ్బు వస్తుంది. అయితే రైలు కదలకముందే ఆన్‌లైన్‌లో టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోరే దరఖాస్తు, దాఖలు చేయాలి. ఆ తర్వాత చేస్తే లాభం లేదు.

ఆగ్రా గురించి గట్టిగానే చెబుతాను. తెల్లవారుజామున టాక్సీ మాట్లాడుకుని యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్లకండి. 165 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద పొగమంచులో వాహనాలు వరుసగా ఒకదానికొకటి గుద్దుకుని ప్రాణాలు పోయిన ఘటనలు పలుమార్లు జరిగాయి. చలికాలంలో అక్కడ వేగపరిమితిని కూడా తగ్గిస్తారు. సూర్యోదయంలో తాజ్ అన్న ఆశ ఈ కాలంలో పెట్టుకోవద్దు. మంచులో గుమ్మటం కూడా కనిపించదు. హజ్రత్ నిజాముద్దీన్ నుంచి ఉదయం బయలుదేరే గతిమాన్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి, మధ్యాహ్నం ఎండలో తాజ్ చూసి, సాయంత్రం అదే రైలులో తిరిగి రండి. శుక్రవారం ఆ రైలు కూడా ఉండదు. రోడ్డు మీదే వెళ్లక తప్పకపోతే పది దాటాక కదలండి, చీకటి పడేలోపు ఢిల్లీ చేరండి. డ్రైవర్ తొందరపెడితే వినకండి.

గాలి

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ‘సమీర్’ యాప్‌లో ప్రాంతాలవారీగా గాలి నాణ్యత సూచీ కనిపిస్తుంది. 200 దాటితే బాగాలేదని, 300 దాటితే చాలా చెడ్డదని, 400 దాటితే తీవ్రమని అర్థం. చలికాలపు ఢిల్లీలో 300 దాటడం విశేషమేమీ కాదు. పిల్లలు ఆరోగ్యంగా ఉంటే ఎన్95 మాస్కుతో, మధ్యాహ్నం వేళ కొద్ది గంటలు తిరగవచ్చు. గుడ్డ మాస్కు, ఆసుపత్రుల్లో వాడే నీలం మాస్కు ఆ సన్నని ధూళిని సరిగా ఆపలేవు. మాస్కు ఇంట్లోనే పెట్టించి చూడండి. ముక్కు దగ్గర వదులుగా ఉంటే కళ్లద్దాలు మసకబారుతాయి, పిల్లలు వెంటనే తీసి జేబులో పెట్టేస్తారు. 400 దాటిన రోజు మ్యూజియాలకే పరిమితం కావాలి.

ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లో, పిల్లవాడో ఉంటే నా మాట వేరు. ముందు డాక్టర్‌ను కలవండి. ఇన్‌హేలర్ సూట్‌కేసులో కాదు, బిడ్డ జేబులో ఉండాలి. గత నెలలోనే దగ్గు, ఆయాసం వచ్చి తగ్గి ఉంటే ఈ ఏడాదికి ఢిల్లీ మానేసి మైసూరుకు వెళ్లండి. ఢిల్లీని మార్చి మొదట్లోనో, వచ్చే దసరా సెలవుల్లోనో చూడవచ్చు. చిన్నబుచ్చుకుంటారని పిల్లల ఊపిరితో పందెం కాయవద్దు.

గది, కుంపటి, గీజర్

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. మన ఊళ్లలో గదికి ఏసీ ఉందా అని అడుగుతాం. అక్కడ అడగాల్సింది రూమ్ హీటర్ ఉందా, దానికి వేరే డబ్బు తీసుకుంటారా, వేడినీళ్లు రోజంతా వస్తాయా, మందపాటి రజాయిలు మనిషికొకటి ఇస్తారా అని. బుక్ చేసేముందే ఫోను చేసి అడగండి.

బొగ్గుల కుంపటిని గదిలో పెట్టుకుని తలుపులు మూసి పడుకున్న కుటుంబాలు నిద్రలోనే చనిపోయిన వార్తలు ప్రతి చలికాలమూ ఉత్తరాది నుంచి వస్తాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, వికారం, మత్తు కమ్ముతాయి, ఆ మత్తులోనే లేవలేకపోతారు. అతిథి గృహంవాళ్లు ప్రేమగా కుంపటి తెచ్చి పెట్టినా గదిలోకి రానివ్వకండి. స్నానాల గదిలోని గీజర్ గ్యాస్‌తో నడిచేదా, కరెంటుదా అన్నది కూడా చూడండి. గ్యాస్‌దైతే, గాలి ఆడే కిటికీ లేకపోతే గది మార్చమనండి. తలుపు వేసుకుని అరగంట వేడినీళ్ల కింద నిలబడే వయసు పిల్లలది. వాళ్లకు ఈ సంగతి భయపెట్టకుండా, కారణంతో సహా చెప్పండి. అర్థం చేసుకోగల వయసే.

కరెంటు హీటర్ అయినా పడుకునేముందు ఆపాలి. దాని మీద సాక్సులు ఆరబెట్టకూడదు.

బట్టలు, నీళ్లు

లంబసింగిలోనో, ఆదిలాబాద్‌లోనో చలి చూశాం కదా అనుకునేవారు ఒక తేడా గమనించాలి. అక్కడ తెల్లవారుజామున వణికినా పదికల్లా ఎండ కాస్తుంది. ఢిల్లీలో రాత్రి 4 నుంచి 8 డిగ్రీలు మామూలే. అంతకంటే ఇబ్బంది, పగలు కూడా 15 డిగ్రీలు దాటని రోజులుంటాయి. ఒక్క లావుపాటి జాకెట్టు సరిపోదు. లోపల థర్మల్స్, పైన స్వెట్టర్, ఆపైన గాలిని ఆపే జాకెట్టు కావాలి. మెట్రోలో ఎక్కగానే ఒకటి విప్పుకోగలగాలి. ఈ వయసువాళ్లు మంకీ క్యాప్ ససేమిరా పెట్టుకోరు. గొడవపడకుండా, వాళ్లనే బజారుకు తీసుకెళ్లి నచ్చిన ఉన్ని టోపీ కొనుక్కోనివ్వండి. చలికాలంలో మన నగరాల్లో టిబెట్‌వాళ్లు పెట్టే దుకాణాల్లో మంచి ఉన్ని బట్టలు దొరుకుతాయి. అక్కడికి వెళ్లాక కొందాంలే అనుకుంటే మొదటి రాత్రే జలుబు పట్టుకుంటుంది.

చలిలో దాహం తెలియదు. నీళ్లు తాగక తలనొప్పి వస్తుంది. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు ఉంచి గుర్తుచేస్తూ ఉండండి. ఆడపిల్లలకు నెలసరి తేదీ దగ్గర్లో ఉంటే కావాల్సినవన్నీ ఇంటి నుంచే సర్దండి. పెదవులకు వాజ్‌లైన్ మర్చిపోవద్దు. పప్పూ పచ్చళ్ల మీద మనసు పోతే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది. సెలవు రోజుల్లో వరుస పెద్దది, ఆకలి ముదరకముందే వెళ్లండి.

తప్పిపోతే

ఎత్తు పెరిగినంత మాత్రాన తప్పిపోరని కాదు. రాజీవ్ చౌక్ మెట్రో స్టేషన్‌లో సాయంత్రం రద్దీలో పెద్దవాళ్లే దారి తప్పుతారు. తలుపులు మూసుకుని సగం మంది రైలులో, సగం మంది బయట ఉండిపోతే ఏం చేయాలో ముందే అనుకోండి. ఎక్కినవారు తర్వాతి స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫాం మీదే నిలబడాలి, మిగిలినవారు తర్వాతి రైలులో అక్కడికి రావాలి. ఎవరూ స్టేషన్ దాటి బయటికి వెళ్లకూడదు. రద్దీ వేళల్లో తల్లీకూతుళ్లు మొదటి పెట్టెలో, అంటే మహిళల పెట్టెలో ఎక్కితే, తండ్రీకొడుకులు వేరే పెట్టెలో ఉంటారు. ఎక్కడ దిగాలో నలుగురికీ తెలిసి ఉండాలి. మెట్రోలో రీల్స్ తీయడం నిషేధం. ఇది కూడా ముందే చెప్పి ఉంచండి.

అక్షర్‌ధామ్ లోపలికి ఫోన్లు అనుమతించరు. అక్కడ విడిపోతే పిలుచుకునే మార్గం లేదు. లోపలికి వెళ్లగానే ఒక చోటు, ఒక సమయం అనుకోండి. హోటల్ పేరు, చిరునామా, అమ్మానాన్నల నంబర్లు రాసిన కాగితం, ఐదు వందల నగదు ఒక్కొక్కరి లోపలి జేబులో ఉండాలి. ఫోను చార్జింగ్ అయిపోయాక యూపీఐ పనికిరాదు. హిందీ అంతగా రాని పిల్లలకు 112, బాలల సహాయానికి 1098 నంబర్లు కంఠతా రావాలి. న్యూఢిల్లీ స్టేషన్ బయట మీ రైలు రద్దయిందనో, హోటల్ మూసేశారనో చెప్పి వేరేచోటికి తీసుకెళ్లేవాళ్లుంటారు. పిల్లలైనా, పెద్దలైనా వాళ్లతో మాట కలపవద్దు.

ఆధార్ కార్డులు అందరివీ తీసుకెళ్లండి. హోటల్‌లో అడుగుతారు. పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. పొడుగ్గా ఉన్న పద్నాలుగేళ్లవాడికి వయసు రుజువు ఉంటే మేలు.

ఒక పూట మాత్రం వాళ్లకు వదిలేయండి. ఎక్కడికి వెళ్లాలో, ఏ మెట్రో లైన్ మారాలో, ఎంత ఖర్చవుతుందో వాళ్లే తేల్చాలి. ఆదివారం కలిసివస్తే, చదివే పిల్లలున్న ఇళ్లకు ఢిల్లీ గేట్ దగ్గర మహిళా హాట్‌లో జరిగే పాత పుస్తకాల సంత నా సూచన.

తిరుగు ప్రయాణం

బడి తెరిచే రోజుకు ముందు రాత్రి ఇల్లు చేరేలా టికెట్ తీసుకోకండి. కనీసం ఒక పూర్తి రోజు మిగుల్చుకోండి. పదో తరగతి, ఇంటర్ పిల్లలకు ప్రీ ఫైనల్స్, ప్రాక్టికల్స్ దగ్గరపడే కాలమిది. మందులు, ఒక జత ఉన్ని బట్టలు, చార్జర్ చేతిసంచిలోనే ఉండాలి. పవర్ బ్యాంక్‌ను విమానంలో చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు. గది ఖాళీ చేశాక సామాను ఉంచుకుంటారా అని హోటల్‌వాళ్లను ముందురోజే అడగండి. రైలు ఎక్కడుందో 139కి ఫోను చేసి కనుక్కున్నాకే స్టేషన్‌కు బయలుదేరండి. ఆలస్యమని తెలిస్తే ఆ గంటలు గదిలోనో, వెచ్చగా ఉన్న హోటల్ లాబీలోనో గడపండి, పిల్లలను ప్లాట్‌ఫాం మీద చలిలో కూర్చోబెట్టకండి.