ఫ్రిజ్‌లో మిగిలిపోయిన పాత ఈస్ట్‌తో బ్రెడ్ చేయాలంటే

బెజవాడ ఎండలకు వంటింట్లో ముందుగా దెబ్బతినే సరుకుల్లో ఈస్ట్ ఒకటి. మూత సరిగా పడని డబ్బాలో, కరెంటు పోయి వస్తూ ఉండే వేసవిలో నాలుగు నెలలు గడిపిన డ్రై ఈస్ట్‌లో కణాలన్నీ చనిపోయి ఉండవు; కొన్ని పోయి, కొన్ని నీరసించి, మరికొన్ని బాగానే మిగిలి ఉంటాయి. ఆ మిగిలినవాటికి మేత వేసి సంఖ్య పెంచుకోవడానికి ముందుగా కలిపి ఉంచే మిశ్రమమే స్టార్టర్. బీరు కాచేవారు లీటరు నీటికి సుమారు 100 గ్రాముల మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ సారం) పొడి కలిపి, మరిగించి చల్లార్చి, అందులో ఈస్ట్‌ను పెంచుతారు. బ్రెడ్ ఈస్ట్, ఏల్ రకం బీరు ఈస్ట్ రెండూ శాకరోమైసిస్ సెరివిసియే అనే ఒకే జాతివి కనుక, మైదాతోనూ ఆ పని జరుగుతుంది.

ముందుగా పరీక్ష చేయాలి. 120 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో ఒక చెంచా పంచదార కరిగించి, చెంచాడు ఈస్ట్ చల్లి పావుగంట ఆగాలి. నురగ దట్టంగా పొంగితే స్టార్టర్ అక్కర్లేదు. అరగంటకు కూడా ఒక్క బుడగ రాకపోతే పారబోయడమే మంచిది, చచ్చిన ఈస్ట్‌ను ఏ మేతా లేపలేదు. గిన్నె అంచున పలుచని నురగ కట్టి అక్కడక్కడా బుడగలు మాత్రమే వస్తే, స్టార్టర్ దానికోసమే.

నీటి వేడి దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. 40 డిగ్రీలు సరిపోతుంది. 55 దాటితే కణాలు చనిపోతాయి, మరీ చన్నీళ్ళలో వేస్తే ఎండిన కణాల లోపలి సారం బయటికి కారిపోతుంది. థర్మామీటరు లేనివారు ఒక గ్లాసు మరిగే నీళ్ళను ఐదు గ్లాసుల మామూలు నీళ్ళలో కలిపితే దాదాపు ఆ వేడి వస్తుంది. అయితే ఈ లెక్క చలికాలానికి మాత్రమే. మే నెలలో బిందెలోని నీళ్ళే 34 డిగ్రీలు ఉంటాయి కాబట్టి, అప్పుడు తొమ్మిది గ్లాసులకు ఒకటి చాలు.

ఆ నురగ నీటిలోనే 50 గ్రాముల మైదా వేసి, గాలి బాగా కలిసేలా గరిటెతో గిలకొట్టి, పలుచని గుడ్డ కప్పి నీడపట్టున ఉంచాలి. ఈస్ట్ కణాలు పెరగాలంటే ప్రాణవాయువు కావాలి, అందుకే అరగంటకోసారి మళ్ళీ గిలకొట్టాలి. పంచదార ఇంకా వేస్తే త్వరగా లేస్తుందనుకోవడం పొరపాటు. తీపి మితిమీరితే అది కణాల్లోని నీటిని లాగేస్తుంది. రెండు మూడు గంటల్లో పైన బుడగలు పట్టాక, ఇంకో 100 గ్రాముల మైదా, 100 మిల్లీలీటర్ల నీళ్ళు కలిపి గాజు సీసాలోకి మార్చి, పిండి ఎత్తు దగ్గర రబ్బరు బ్యాండు వేయాలి. పిండి రెట్టింపై, నడుమ ఉబ్బి, అంచుల్లో తేనెపట్టులా రంధ్రాలు కనిపించి, తాటికల్లును గుర్తుచేసే వాసన వస్తే సిద్ధమైనట్లే. ఉబ్బు కుంగడం మొదలవుతుండగానే వాడాలి. గులాబీ రంగు చారలు గాని కుళ్ళు వాసన గాని ఉంటే మొహమాటం లేకుండా పారబోయాలి.

స్టార్టర్‌లో ఇప్పటికే 150 గ్రాముల మైదా, 220 మిల్లీలీటర్ల నీళ్ళు చేరాయని మరవకూడదు. అరకిలో మైదా బ్రెడ్‌కు ఇంకా 350 గ్రాముల మైదా, సుమారు 105 మిల్లీలీటర్ల నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు కలిపితే చాలు.

ఇంత తతంగమెందుకు, పాత ఈస్ట్‌నే రెండింతలు వేస్తే సరిపోదా అని ఒకసారి నేనూ అనుకున్నాను. పిండి పొంగింది గాని, చేత్తో లాగితే సాగకుండా పెసరట్టు పిండిలా జారిపోయింది. చచ్చిన కణాల నుంచి వెలువడే గ్లూటాథయోన్ అనే పదార్థం మైదాలోని జిగురును వదులు చేస్తుందని ఆ తర్వాత తెలిసింది.

కొత్త ప్యాకెట్ కొంటే, కొద్దికొద్దిగా చిన్న డబ్బాల్లో పోసి, తెరిచిన తేదీ రాసి, ఫ్రీజర్‌లో పెట్టాలి. బయటికి తీసిన డబ్బా చల్లదనం పోయేదాకా మూత తీయకూడదు, లేకపోతే మన ఊరి గాలిలోని తేమంతా ఈస్ట్ మీదే చేరుతుంది.