ఫండోప్లికేషన్ అయిన పసిబిడ్డకు షుగర్ చూసే ముందు

పాలు వెనక్కి రాకుండా చేసే ఈ ఆపరేషన్ తర్వాత కొందరు పిల్లల్లో పాలు పేగుల్లోకి మరీ త్వరగా జారిపోతాయి. మొదటి అరగంటలో షుగర్ ఎగబాకుతుంది, ఇన్సులిన్ ఎక్కువగా వస్తుంది, ఒకటి నుంచి మూడు గంటల మధ్య షుగర్ పడిపోతుంది. అందుకే పాలకు ముందు ఒక్కసారి చూసి ఊరుకుంటే అసలు తేడా దొరకదు. పాలు మొదలుపెట్టిన టైమ్ రాసుకుని, డాక్టర్ చెప్పిన ప్రతి టైమ్‌కీ చూడండి.

• షుగర్ మెషీన్ స్ట్రిప్పుల గడువు చూడండి. డబ్బా మూత తెరిచి ఉంచొద్దు.

• మీ చేతులు, బిడ్డ మడమ సబ్బుతో కడిగి తుడవండి. పాలో గ్లూకోజో అంటి ఉంటే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. పడిపోయిన షుగర్ మామూలుగా కనిపిస్తుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు ఇదే. స్పిరిట్ వాడితే పూర్తిగా ఆరాలి.

• మడమను గోరువెచ్చని గుడ్డతో కాసేపు కప్పండి. అరికాలి వైపు, మడమ పక్క అంచున గుచ్చండి. మధ్యలో, వెనక వద్దు, ఎముక దగ్గరగా ఉంటుంది. మొదటి చుక్క తుడిచేయండి. గట్టిగా పిండొద్దు.

• రీడింగ్ 60 mg/dL కంటే తక్కువ వస్తే, లేదా చెమట, వణుకు, పాలిపోవడం, మగత కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

• పొట్టకు ట్యూబ్ ఉంటే పాలు సిరంజితో గబగబా తోయొద్దు. పంపుతో వెళ్తున్న పాలు ఉన్నట్టుండి ఆపొద్దు.