లేజర్ ఎన్‌గ్రేవర్ కొన్నారా, ముందు కళ్ళద్దాల మీద నంబర్ చూడండి

ప్లైవుడ్ మీద నేమ్‌ప్లేట్లు, కీచైన్లు చేసుకుందామని లేజర్ వెలుగుతో కాల్చి చెక్కే చిన్న డయోడ్ లేజర్ మెషిన్ కొన్నా, బాక్సులో ఆకుపచ్చ కళ్ళద్దాలు కూడా వచ్చాయి, ఇంకేం కావాలి అనుకున్నా. తిప్పి తిప్పి చూస్తే వాటి మీద ఎక్కడా ఒక్క నంబర్ లేదు. నంబర్ లేకపోతే వట్టి ప్లాస్టిక్ ముక్క కిందే లెక్క.

ఈ మెషిన్లలో ఎక్కువ వాటిది నీలం లైట్, తరంగదైర్ఘ్యం (వేవ్‌లెంగ్త్) దాదాపు 450 నానోమీటర్లు. కాడ మీదో అద్దం అంచునో ఆ 450 వచ్చే నానోమీటర్ల రేంజ్, పక్కనే ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ, అంటే వెలుగుని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) ఎంతో రాసుండాలి. ఓడీ 4 అంటే పదివేల వంతుల్లో ఒక్క వంతే కంటికి వస్తుంది, ఓడీ 6 అయితే పది లక్షల్లో ఒకటి. నేనైతే 5కి తక్కువ కొనొద్దంటా. నీలానికి మామూలుగా ఆరెంజ్ అద్దాలే వస్తాయి గానీ రంగు చూసి మాత్రం కొనకండి, ఇదే జత 1064 నానోమీటర్ల లేజర్‌కి పనికిరాకపోవచ్చు, పైగా ఆ కిరణం కంటికి కనపడదు కూడా.

మెషిన్ మీద 40 వాట్లు అని పెద్దగా రాసున్నా అది కరెంటు లెక్క కావచ్చు, ఆప్టికల్ పవర్, అంటే బయటికొచ్చే వెలుగు పవర్ ఎంతో అడగండి. అది అర వాట్ దాటితే క్లాస్ 4, లేజర్లలో అన్నిటికన్నా ప్రమాదకరమైన తరగతి, అంటే చెక్క మీద పడి చెదిరిన వెలుగుని దగ్గర్నుంచి చూసినా డేంజరే. రెప్ప పడటానికి పావు సెకను పడుతుంది, ఈలోపే రెటీనా కాలిపోవచ్చు, నొప్పి కూడా తెలీదు.

ఓసారి ప్లైవుడ్ లేవకుండా అంచున స్టీల్ స్కేల్ పెట్టా. ఫ్రేమింగ్ (చెక్కే చోటు చుట్టూ చుక్క తిప్పి చూపించే బటన్) నొక్కగానే నీలం చుక్క స్కేల్ మీంచి ఎగిరి గోడకున్న క్యాలెండర్ మీద మెరిసింది, దాని పక్కనే గుమ్మంలో మా పాప! వెంటనే ప్లగ్ పీకేశా. అప్పట్నుంచి బరువుకి చెక్క ముక్కలే, చేతికి వాచీ ఉంగరం తీసేస్తా, తలుపు గడియ పెడతా, గదిలో ఎంతమంది ఉంటే అన్ని జతలు. అసలు మెషిన్‌కి మూత ఉన్న బాక్స్ కడితే ఇంకా నయం, దాని అద్దానికీ అదే రేంజ్ ఉండాలి. మంట అంటుకుంటుందేమో అని కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి పక్కన పాత ఫోన్ కెమెరా పెట్టి స్క్రీన్‌లో చూస్తుంటా.

అన్నట్టు రెగ్జిన్ కట్ చేయొద్దు, చాలావాటిలో పీవీసీ ఉంటుంది, ఆ పొగ కళ్ళకీ ఊపిరితిత్తులకీ విషం.

చూపులో మచ్చలా కనిపించినా, గీతలు వంకరగా అనిపించినా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికెళ్ళి లేజర్ నానోమీటర్లు, వాట్లు చెప్పండి. కళ్ళద్దాల మీద గీత పడితే వాటితోనే సర్దుకుపోకుండా కొత్తవి తెచ్చుకోండి.