కాలర్‌కు నూలు పట్టీ, రెండు వేళ్ల సందు

మా ఆయనా నేనూ సరసంలో వాడే తోలు కాలర్ (మెడకు పెట్టుకునే బెల్టు) అమలాపురం ఉక్కపోతలో పెట్టుకుంటే అరగంటలో నా మెడంతా దురద. ఇద్దరం ఇష్టపడి ఎంచుకున్న వస్తువు, గోక్కుంటూ కూర్చోవడానికి కాదు కదా! బండారులంక నేతచీర పాతది చింపి, కాలర్ కంటే అర సెంటీమీటరు వెడల్పుగా పట్టీ మడిచి, లోపలివైపు వదులుగా టాకాలు వేశాను. వాడాక విప్పి ఉతికేస్తాను. తోలును మాత్రం పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి, లేకపోతే ఇక్కడి తేమకు బూజు పట్టేస్తుంది.

కొనేముందు దర్జీ టేపుతో మెడ కొలుచుకోండి, పట్టీ మందం కూడా లెక్కలో వేసుకోండి. పెట్టుకున్నాక రెండు వేళ్లు సులువుగా దూరాలి, గుటక వేస్తే అడ్డు తగలకూడదు. తాళం కంటే బకిల్ మేలు. మా ఆయన చీకట్లో ఒంటిచేత్తో ఊడదీయడం నాలుగైదుసార్లు సాధన చేశారు. కరెంటు పోయిన రాత్రి అది పనికొచ్చింది.

ఈ పట్టీ ఒరిపిడికే విరుగుడు. కాలర్ పట్టుకుని లాగినా, తాడుతో దేనికైనా కట్టినా ఆ రెండు వేళ్ల సందు గొంతును కాపాడదు. నిద్రకు ముందు తీసేయండి. బకిల్ తగిలిన చోటే దురద వస్తుంటే దానిలోని నికెల్ లోహం ఒంటికి పడకపోయి ఉండవచ్చు, అప్పుడు గుడ్డ కాదు, బకిలే మార్చాలి.