తెర మూలన గడియారం పెట్టి ఎపిసోడ్ రాయడం ఎలా?

సైనిక సిట్‌కామ్‌లో (హాస్య సీరియల్లో) నిమిషం నిమిషం లెక్కతో కథ నడపాలనుకుంటే ముందు అమెరికా టీవీ సీరియల్ ‘మ్యాష్’లో 1979లో వచ్చిన ‘లైఫ్ టైమ్’ ఎపిసోడ్ చూడండి. కొరియా యుద్ధం, గుడారాల్లో ఆసుపత్రి. ఒక సైనికుడి బృహద్ధమని, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం మోసే పెద్ద నాళం, చిరిగింది. దాదాపు ఇరవై నిమిషాల్లో బాగుచేయకపోతే కాళ్లు చచ్చుబడతాయి. తెర మూలన గడియారం నడుస్తూ ఉంటుంది. రాసింది ఇద్దరు: సీరియల్ ప్రధాన నటుడు అలన్ ఆల్డా, సీరియల్ వైద్య సలహాదారు డాక్టర్ వాల్టర్ డిషెల్.

ముందు గడువు సంగతి తేల్చుకోండి. ‘జనరల్ వచ్చేలోపు’ లాంటి గడువు పనికిరాదు. జనరల్ ఆలస్యంగా రావచ్చు. ‘లైఫ్ టైమ్’లో రక్తం కారకుండా ధమనిని నొక్కి పట్టినంతసేపూ వెన్నుపాముకు రక్తం అందదు. బతిమాలితే వినే గడువు కాదది.

తర్వాత ఒక పట్టిక గీయండి. నిమిషానికో అడ్డవరస, పాత్రకో నిలువు వరస. ప్రతి గడిలో ఆ మనిషి ఎక్కడున్నాడు, చేతిలో ఏముంది అని రాయాలి. ఖాళీ గడి ఉందంటే కథకు అక్కడ చిల్లు పడ్డట్టే. ఆరో నిమిషంలో రక్తం సీసా కోసం వెళ్లిన నర్సుకు పోను రాను మూడు నిమిషాలైతే, తొమ్మిదికి ముందు ఆమెకు బల్ల దగ్గర డైలాగు ఉండకూడదు. మామూలు ఎపిసోడ్‌లో ఒక్క కట్‌తో ఆ నడక మాయమవుతుంది. ఇక్కడ కట్ చోటు మారుస్తుందే తప్ప టైము మింగదు. ఎక్కువ స్క్రిప్టులు దెబ్బతినేది ఇక్కడే.

ఆ నడక సమయంలో చూపడానికి రెండో కథ కావాలి. ‘లైఫ్ టైమ్’ బలమంతా అందులోనే ఉంది. అతికించడానికి ధమని ముక్క కావాలి. అది తలకు దెబ్బ తగిలి చావుకు దగ్గరైన మరో సైనికుడి నుంచి రావాలి, పక్కనే అతని స్నేహితుడు కూర్చున్నాడు. ఒక గదిలో తొందర, ఇంకో గదిలో ఎదురుచూపు, రెంటికీ ఒకటే గడియారం. ఈ సీన్లను కుదించకండి.

జోకులు ఒక్క ముక్కలో, చేతులు పనిలో ఉండగానే పడాలి. ఆపరేషన్ గదిలో నవ్వుల ట్రాక్ (ముందే రికార్డు చేసిన ప్రేక్షకుల నవ్వులు) వేయకపోవడం ఆ సీరియల్ ఆనవాయితీ, మీరూ వేయకండి. ‘ఇంకా పది నిమిషాలే!’ అని పాత్రలతో చెప్పించడం మహా అయితే రెండుసార్లు. చూసేవాడికి గడియారం కనిపిస్తూనే ఉందిగా.

స్క్రిప్టులో ఒక పేజీ అంటే తెర మీద ఒక నిమిషం అన్న లెక్క ఇక్కడ తప్పుతుంది: కుట్లు వేసే సీను కాగితం మీద మూడు లైన్లు, తెర మీద నిమిషంన్నర. స్టాప్‌వాచ్ పెట్టుకుని, చేతి పనులు కూడా అభినయిస్తూ పైకి చదవండి. నిడివి పెరిగితే మాటలు కొట్టేయండి, పని కొట్టేయకండి.

గడువు ముగిసిన క్షణాన విజయం కేకలు వద్దు. రోగి ఇంకా మత్తులోనే ఉన్నాడు, కాలి వేలు కదిలేదాకా ఫలితం డాక్టరుకూ తెలియదు. ఆ సీనొక్కటి గడియారం లేకుండా రాయండి.