పాత పత్రాలు చదవడం – 4వ పాఠం: లేనిది చదివారు

పోయిన పాఠంలో, మెక్సికోను జయించిన స్పెయిన్ సేనాని కోర్టెస్ స్పెయిన్ రాజుకు రాసిన రెండో ఉత్తరం నుంచి మెషికా (అజ్టెక్) రాజు మొక్తెజుమా ప్రసంగం ఇచ్చి, అందులో ఏముందో ఐదు వాక్యాల్లో రాయమన్నాను. చాలామంది జవాబు ఇలా మొదలైంది: "కోర్టెస్‌ను మొక్తెజుమా దేవుడనుకున్నాడు." ఈసారి పన్నుల పత్రాలు మొదలుపెట్టాల్సింది. అవి ఆగక తప్పదు.

ఆ ఉత్తరంలో ఆ సంగతి లేదు. మళ్లీ తీసి చూడండి. మొక్తెజుమా అన్నట్టుగా కోర్టెస్ రాసింది ఇదీ: మా పూర్వీకులు వేరే దేశం నుంచి వచ్చారు, వాళ్లను తీసుకొచ్చిన ప్రభువు వెళ్లిపోయాడు, అతని వంశం వాళ్లు ఎప్పటికైనా వస్తారని నమ్ముతున్నాం, మీ రాజు ఆయనే అయ్యుండాలి. ఇందులో ఉన్నది రాజ్యం మీద హక్కు. పైగా మొక్తెజుమా తన బట్ట పైకెత్తి, "నన్ను దేవుడని ఎవరైనా చెప్పారేమో, చూడండి, నేనూ మీలాగే రక్తమాంసాలున్న మనిషిని" అన్న అర్థంలో మాట్లాడాడట. దేవుడి మాట వచ్చిందే కొట్టిపారేయడానికి! మీరు రాసిన కథ స్కూలు పుస్తకం నుంచో టీవీ నుంచో వచ్చింది, ఉత్తరం నుంచి కాదు.

నాకు బాగా చిరాకు తెప్పించే తప్పు ఇదే, కాబట్టి కాస్త సాగదీస్తాను. ఏ పత్రమైనా చదివే ముందు నేను అంచులో పెన్సిల్‌తో మూడు తేదీలు వేసుకుంటాను: జరిగింది ఎప్పుడు, రాసింది ఎప్పుడు, అచ్చయింది ఎప్పుడు. కోర్టెస్‌కు వేసి చూద్దాం. మొక్తెజుమాను కలిసింది 1519 నవంబరు 8. ఉత్తరం మీది తేదీ 1520 అక్టోబరు 30. అచ్చయింది 1522.

మొదటి రెండు తేదీల మధ్య ఏం జరిగింది? 1520 మే నెలలో పండగ చేసుకుంటున్న మెషికా వాళ్లను కోర్టెస్ కింది అధికారి అల్వరాడో మనుషులు గుడి ఆవరణలో నరికేశారు. ఊరు తిరగబడింది. మొక్తెజుమా చనిపోయాడు. జూన్ 30 రాత్రి స్పెయిన్ సైన్యం మెషికా రాజధాని టెనొచ్టిట్లాన్ నుంచి పారిపోయింది. అంటే ఉత్తరం రాసేనాటికి కోర్టెస్ చేతిలో ఆ నగరం లేదు. పైగా క్యూబా గవర్నరు వెలాస్కెస్ మాట కాదని బయల్దేరినవాడు, అతన్ని పట్టుకురమ్మని నార్వాయెస్ అనేవాణ్ని సైన్యంతో కూడా పంపారు. అలాంటి మనిషికి ఏ ప్రసంగం పనికొస్తుంది? మొక్తెజుమా ఇష్టపూర్వకంగా రాజ్యం అప్పగించాడంటే మెషికా వాళ్లు తిరుగుబాటుదారులవుతారు, మళ్లీ దండెత్తడం రాజుగారి సొత్తు రాబట్టడం అవుతుంది. అది ఉత్తరం కాదు, సంజాయిషీ.

దేవుడి కథ తర్వాతి దశాబ్దాల్లో పెరిగింది. స్థానికుల చేత చెప్పించుకుని స్పెయిన్ సన్యాసి సాహగున్ కూర్చిన గ్రంథం పన్నెండో భాగంలో కోర్టెస్‌ను తిరిగొచ్చిన క్వెట్జాల్‌కోఆట్ల్ అనే దేవుడు అనుకోవడం, ముందే కనిపించిన అపశకునాలు, అన్నీ ఉంటాయి. ఆ రాతప్రతి 1577 ప్రాంతంలో పూర్తయింది. చెప్పినవాళ్లలో టెనొచ్టిట్లాన్‌ను ఆనుకునే ఉన్న ట్లాటెలోల్కో పెద్దలున్నారు. 1521 ఆగస్టు 13న నగరం పడిపోయే దాకా కడసారి పోరాడింది తామేనన్నది వాళ్ల గర్వం. ఓటమికి పిరికి మొక్తెజుమా కారణమైతే వాళ్లకు నష్టమేమీ లేదు.

అలాగని రాజును ఏదో అడగడానికి రాసినవాడి రాతంతా అబద్ధమని తేల్చేయకండి. ఇద్దరు ముగ్గురు ఆ గట్టుకూ దూకారు. స్థానికుల తరఫున వాదించిన స్పెయిన్ మతగురువు లాస్ కాసాస్ 1552లో అచ్చు వేసిన పుస్తకంలో స్థానికుల చావుల లెక్కలు రాజవంశాన్ని కదిలించడానికి వేసినవే, వాటిని అంకెలుగా వాడను. కానీ ఎన్‌కోమియెండా (స్థానికుల పన్నునూ పనినీ స్పెయిన్ వాళ్లకు రాసిచ్చే పద్ధతి) కింద వెట్టిచాకిరి నిజం. 1520లో మశూచి నగరాన్ని తుడిచిపెట్టడమూ నిజమే, మొక్తెజుమా తర్వాత గద్దెనెక్కిన క్విట్లావాక్ అందులోనే పోయాడు.

మశూచికి ముందూ వెనుకా మెషికా వాళ్ల శత్రువులైన ట్లాష్కాలా సైనికులు వేలమంది స్పెయిన్ పక్కన నిలబడ్డారు, దాన్ని ఇక్కడ దాటేస్తున్నాను.

అభ్యాసం: మెక్సికోలోని వెహోత్సింగో పట్టణ పెద్దలు 1560లో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కు తమ భాష నవాట్ల్‌లో రాసిన ఉత్తరం చదవండి. ఇంగ్లిష్ అనువాదం దొరుకుతుంది. వాళ్లు కోర్టెస్‌కు సాయపడినవాళ్లే, ఇప్పుడు పెరిగిన పన్ను కట్టలేమని మొత్తుకుంటున్నారు. మూడు తేదీలు వేసుకోండి. అడుగుతున్న వాక్యాల కింద ఒక గీత, సాయం గుర్తు చేసే వాక్యాల కింద రెండు గీతలు గీయండి. తర్వాత ఉత్తరం మూసేసి ఒక పేజీ రాయండి. అందులో "అమాయకులు", "పాపం", "మోసపోయిన" అనే మాటలు ఉండకూడదు. అరపేజీ రాసి పంపితే తిరిగి పంపేస్తాను.